చిన్నదాని కళ్లజోడు

అక్కా,

అందరం బాగానే ఉన్నాం, కంగారుపడకు. నాకే వారం రోజుల నుంచి కాళ్లూ చేతులూ ఆడటం లేదు. బడికి పంపకుండా ఇంట్లోనే పిల్లలకు నేనెలా చదువు చెబుతున్నానో చూడటానికి విద్యాశాఖ నుంచి ఒకావిడ వచ్చింది. మన చిన్నది పాఠం గడగడా చదివేసింది. నేను మురిసిపోతుంటే ఆవిడ మెల్లగా పేజీ తిప్పింది. చిన్నది మాత్రం పాత పేజీయే చదువుతూ పోయింది! రెండేళ్లుగా పెద్దది పైకి చదువుతుంటే విని అంతా బట్టీ పట్టిందట. కళ్ల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. దగ్గరివేవీ దానికి సరిగా ఆనవట. “చెప్పలేదేమే?” అంటే, “అందరికీ అక్షరాలు ఇలాగే అలుక్కుపోయి కనిపిస్తాయనుకున్నానమ్మా” అంది. రోజూ పక్కనే కూర్చుని చెప్పినదాన్ని, నాకెందుకు తెలియలేదక్కా?

మీ పిల్లలు చదివేసిన పెద్దక్షరాల కథల పుస్తకాలుంటే పంపు. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మకు ఈ సంగతి నువ్వే నెమ్మదిగా చెప్పు, నాకు నోరు రావడం లేదు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నిన్న కళ్లజోడు వచ్చింది. పెట్టుకోగానే నా ముఖంలోకి తేరిపార చూసి, “అమ్మా, నీ ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉందే!” అంది.

నీ చెల్లి