మీ అమ్మ కంటి రంగు

వేమత్, 3 నవంబరు 1819

థామసిన్ తల్లీ, నేను కులాసా.

పెళ్లికి ముందు మీ అమ్మ నాకు రహస్యంగా ఇచ్చిన, కోటుకు గుచ్చుకునే బ్రోచ్‌లో ఆమె కన్ను ఒక్కటే చిత్రించి ఉంది. ఎవరూ పోల్చుకోకూడదని ముఖం వేయించలేదు. ఆమె పోయాక నాకు మిగిలిన రూపం అదే. సముద్రపు చెమ్మకు పట్టిన బూజు కంటి రంగును కప్పేసి, రోజురోజుకూ కంటిపాప వైపు పాకుతోంది. చిత్రకారుడికి చూపించాను.

"బాగుచేస్తాగానీ, రంగు చెప్పండి దొరా."

"బూడిద రంగు... కాదు, ఆకుపచ్చేమో."

"ముప్పయ్యేళ్లు కాపురం చేసి ఏమో అంటారేంటండీ!"

నీవి అచ్చం ఆమె కళ్లు. పగటి వెలుగులో అద్దం చూసుకుని రంగు రాసి పంపు. నువ్వు మాత్రం రావద్దు. ఆ కళ్లను ఎదురుగా చూసే ధైర్యం ఇంకా రాలేదు.

మేజోళ్లు అందాయి. పాపకు దగ్గు తగ్గిందా? దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

నాన్న