అన్నీ వినే పెట్టె

చిరంజీవి చంటికి,

అత్తయ్య ఆశీస్సులు. ఉత్తరం నీ ఆఫీసుకి రాస్తున్నాను. ఫోన్ చేస్తే మీ నాన్న స్పీకరు పెట్టి ఇంటిల్లిపాదినీ కూర్చోబెడతాడు.

నువ్వు వచ్చి, నా గది మూల పాత నీళ్ల పైపు పక్కన స్టూలు వేసి, దాని మీద ఆ పెట్టె పెట్టి, "ఇది అన్నీ వింటుందత్తయ్యా, మీరు మామూలుగా ఉండండి" అని వెళ్లిపోయావు. పక్కన ఒకటి చెవులు రిక్కించి కూర్చుంటే మామూలుగా ఉండటం ఎవరి తరం? మొదటి రోజు ఆవలింత కూడా చప్పుడు కాకుండా ఆవలించాను.

కింద బైండింగు షాపులో కాగితాలు కోసే మిషను దబ్, దబ్ మంటుంటే మధ్యాహ్నం కునుకు పట్టడం లేదని మాటవరసకి మీ నాన్నతో అన్నాను. మా అన్నయ్యకి అంత సందు చాలదూ! "చప్పుళ్లు కొలవడమే మనవాడి ఉద్యోగం. వాడు కొలిచి, అది ఉండకూడని ఇల్లంటే, తాళం వేసి మా ఇంటికి వచ్చెయ్యాల్సిందే" అని తీర్పు చెప్పేశాడు.

మీ మామయ్య పోయాక నేనంటూ చూసుకున్న ఇల్లు ఇది. ఎవరినీ అడక్కుండా కర్టెన్లు కొన్నది ఈ ఇంటికే. మీ ఇంట్లో వాషింగ్ మిషను పక్క గదిలో చుట్టంలా పడి ఉండటం నా వల్ల కాదు నాన్నా. నా ఇల్లు ఇప్పుడు నీ రిపోర్టు చేతిలో ఉంది.

మిగతా సంగతులు ఉత్తరంలో రాయను. నీకు ఎలాగూ తెలుస్తాయి కదా.

ఇట్లు,
నిన్ను ఎత్తుకుని తిప్పిన అత్తయ్య

తా.క.: ఆ పెట్టెకి నిద్ర ఉంటుందా? దీపం ఆర్పాలా వద్దా తెలియక దుప్పటి కప్పాను.

—

అత్తయ్యకు నమస్కారాలు.

దుప్పటి వెంటనే తీసెయ్యండి. రాత్రంతా మీ ఇల్లు పత్తి బస్తాలో ఉన్నట్టు వినిపించింది.

అది తప్ప పెట్టె చక్కగా పనిచేస్తోంది. అక్కడ జరిగేదంతా నాకిక్కడ అందుతూనే ఉంది. తెర మీద మీ ఇంటి రోజులు కొండల వరసలా కనిపిస్తాయి. పొద్దున మిషను మొదలైతే నిట్టనిలువు శిఖరాలు, సాయంత్రానికి పలచటి మంచు, తర్వాత మైదానం. ఒక్కోసారి పని మానేసి అలా చూస్తూ కూర్చుంటాను. నేను తీవ్రంగా ఆలోచిస్తున్నానని మా మేనేజరు అనుకుంటాడు.

శిఖరాలు మాత్రం హద్దు దాటుతున్నాయి. ఉన్నది లేనట్టు రాయడం నాకు చేతకాదు, ఏం చేయాలో చూస్తున్నాను. మధ్యాహ్నాలు పెట్టె పక్కనే ఏదో సన్నగా, ఆగకుండా వస్తోంది. రేడియో అనుకుంటా. పనికొచ్చేది కాదని లెక్కలోంచి తీసేశాను.

ఉంటాను,
మీ చంటి

తా.క.: మంగళవారం మీ ఇల్లు కూలిందని మా కంప్యూటరు ఎర్రదీపం వెలిగించింది. ఏం జరిగింది?

—

చంటికి,

ఆశీస్సులు ఈసారి సగమే పంపుతున్నాను.

పనికొచ్చేది కాదా? రేడియోనా? నీ పెట్టె ఎదురుగా కుర్చీ వేసుకుని, భోజనమయ్యాక రోజూ మనసు విప్పి చెప్పుకుంటున్నది నేను! ఆ దబ్ దబ్ మీద పైకి విసుక్కుంటానే గాని, కళ్లు మూసుకుంటే మంచం పడవలా మెల్లగా కదులుతుంది, ఒడ్డున నాకోసం ఎవరో మేలుకుని ఉన్నట్టుంటుంది అన్నాను. అది వినపడని ఆదివారాల్లో ఇల్లు మరీ పెద్దదైపోతుంది అన్నాను. ఇవన్నీ తీసేశావా? కింద షాపు నడిపే ఆయన గురించి అన్న రెండు ముక్కలూ తీసేస్తే మాత్రం మంచిదే. మీ నాన్న చెవిన పడితే కొంప మునుగుతుంది.

అయినా నీ మనసు మంచిదిరా. కిటికీ రెక్క కొట్టుకుంటోందని పెట్టెతో అన్నానో లేదో, మర్నాడే వడ్రంగిని పంపావు. ఎవరు పంపారయ్యా అంటే నవ్వి ఊరుకున్నాడు. నీ పేరు బయటపెట్టలేదు.

ఇట్లు,
రేడియో అత్తయ్య

తా.క.: మంగళవారం కూలింది ఇల్లు కాదు. నీ పెట్టెకి దుమ్ము దులిపాను.

—

అత్తయ్యకు నమస్కారాలు, క్షమాపణలు.

తప్పు నాదే, ముందే వివరంగా చెప్పాల్సింది. ఆ పెట్టెకి మాటలు తెలియవు. చప్పుడు ఎంత పెద్దదో, ఎంత చిన్నదో అంతవరకే దానికి తెలుసు. మీరు చెప్పుకున్నదంతా నా దగ్గర ఒక గీత. మెలికలు తిరుగుతూ చూడముచ్చటగా ఉంది, కానీ గీతే. వడ్రంగిని నేను పంపలేదు.

ఇంకో వింత. మీ గీత మొదలవగానే కింద మిషను ఆగిపోతోంది. మీది ముగిశాక గాని మళ్లీ మొదలవదు. పొరపాటేమోనని పాతవన్నీ తిరగేశాను. రోజూ అంతే.

మంచి వార్త ఏమిటంటే, చప్పుడు నేలలోంచి కన్నా ఆ పైపు చుట్టూ ఉన్న సందులోంచే ఎక్కువ వస్తోంది. ఇలాంటి చోట వేలు పట్టే సందు కూడా తలుపు తెరిచినంత పని చేస్తుంది. పార్సిల్‌లో లప్పం పంపుతున్నాను. పైపు చుట్టూ గట్టిగా అదమండి. శిఖరాలు హద్దులోకి దిగితే, ఇల్లు భేషుగ్గా ఉందని నిజాయితీగా రాస్తాను.

మీ చంటి

తా.క.: మా ఇంట్లో మీకని ఉంచిన గదికి నాన్న కొత్త కర్టెన్లు వేయించారు. రంగు చెప్పను. మీ ఆరోగ్యం నాకు ముఖ్యం.

—

చంటికి,

పూర్తి ఆశీస్సులు, దాంతోపాటు ఒక మొట్టికాయ.

మాటలు తెలియవంటావా? కింది ఆయన సంగతి విని సిగ్గుపడి తప్పించుకుంటున్నావని నాకు అర్థమైంది. సరే, పరీక్ష పెట్టాను. నిన్న మధ్యాహ్నం కుర్చీ దగ్గరగా లాక్కుని, "నీకు నా మాట అర్థమైతే ఒక్కసారి పలుకు" అన్నాను. ఎండ నేల మీద జరుగుతూ పోతోంది. నేను నిద్రకి తూగుతున్నాను. అప్పుడు మెల్లగా, జోల పాడినట్టు, దబ్... దబ్... దబ్.

ఒక్కసారి అడిగితే మూడుసార్లు పలికిందిరా! మర్యాద తెలిసిన పెట్టె.

ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టింది.

ఇట్లు,
పిచ్చిది కాని అత్తయ్య

తా.క.: లప్పం వచ్చింది. పిండి అనుకుని నీళ్లు పోయబోయాను.

—

అత్తయ్యకు నమస్కారాలు.

కొంప మునిగింది. మీ ఉత్తరం బల్ల మీద ఉండగా నాన్న ఆఫీసుకి వచ్చారు, చదివేశారు. "మా చెల్లెలు పెట్టెలతో మాట్లాడుతోంది, అవి దానికి జవాబిస్తున్నాయి, ఇంక రిపోర్టెందుకు" అన్నారు. శనివారం లారీ తీసుకుని బయల్దేరుతున్నారు. మీ మంచం, బీరువా సహా తీసుకొచ్చేస్తారట. నేనెంత చెప్పినా వినలేదు.

ఆ మూడు చప్పుళ్లు నా తెర మీదా ఉన్నాయి. అంటే మీరు కలగనలేదు. కానీ ఆ మాట నాన్నతో ఎలా చెప్పను?

ఆయన వచ్చేలోగా ఆ సందు పూడ్చండి. కొండలు తగ్గినట్టు చూపిస్తేనే నేను ఏదైనా మాట్లాడగలను. ఆ ఇల్లు మీకు దక్కకపోతే నాకీ ఉద్యోగం మీద ఇష్టం పోతుంది.

మీ చంటి

తా.క.: తలుపు గడియ పెట్టుకోండి. వడ్రంగి ఎవరు పంపిన మనిషో ఇంకా తేలలేదు.

—

చిరంజీవి చంటికి,

పట్టలేనన్ని ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే శనివారం పొద్దున లప్పం ముద్ద పట్టుకుని పైపు దగ్గర చతికిలబడ్డాను. సందులో వేలు పెట్టానో లేదో, కిందనుంచి "ఏమండీ, దయచేసి అది పూడ్చకండి" అని వినిపించింది. ముద్ద జారి ఒళ్లో పడింది.

కింది ఆయనే. పైపు అటు కొస ఆయన పుస్తకాలు కుట్టే బల్ల పక్కనే ఉందట. పైకి వచ్చేది కిందికీ పోతుందని మనిద్దరికీ తట్టలేదు చూశావా! మొదటి రోజు నేనెవరితోనో మాట్లాడుతున్నానని, అడ్డు రాకూడదని మిషను ఆపాడట. రెండో రోజునుంచి వినడానికే ఆపాడట. వడ్రంగి ఆయన తమ్ముడు. ఆ మూడు చప్పుళ్లూ ఆయనవే. పిలిస్తే పలక్కుండా ఉండలేకపోయాడట.

సిగ్గుతో చచ్చిపోయాననుకో. భార్య పోయాక ఆయన చొక్కా బొత్తాలు ఎగుడు దిగుడుగా పెట్టుకుంటాడని, నేనే కిందికెళ్లి సరిచేద్దామా అనిపిస్తుందని కూడా పెట్టెతో చెప్పాను మరి. "ఆడవాళ్ల మాటలు చాటుగా వినడం తప్పు కాదూ?" అని పైపులోకి కోప్పడ్డాను. "తప్పేనండీ. ఇన్నేళ్లూ మిషను తప్ప ఇంకేదీ వినలేదు. ఆపుకోలేకపోయాను" అన్నాడు. ఆ గొంతు వింటే నా కోపం ఎటు పోయిందో తెలియదు.

తర్వాత పైకి వచ్చాడు. జిగురు చేతులు కడుక్కుని, బొత్తాలన్నీ సరిగ్గా పెట్టుకుని. నాకు కొంచెం దిగులేసింది కూడా.

మేం పెళ్లి చేసుకుంటున్నాం చంటీ. ఇల్లు వదిలేది లేదు. సందు పూడ్చేదీ లేదు. హద్దు దాటిందని నువ్వు నిజమే రాసుకో, ఫిర్యాదు చేసే మనిషే లేదని కింద ఇంకో మాట చేర్చు. నాకు భయంగా ఉంది, సంతోషంగా ఉంది, రెండూ ఒకేసారి ఉన్నాయి.

మీ నాన్న లారీతో దిగి, సంగతి విని, గది దద్దరిల్లేలా అరిచాడు. షాపాయన పాపం మెల్లగా కిందికెళ్లి పని మొదలుపెట్టాడు. దబ్... దబ్... "ఈ చప్పుడులో మనిషన్నవాడు ఎలా ఉంటాడే?" అంటూ మీ నాన్న నా మంచం మీద కూలబడ్డాడు. అప్పుడు పడుకున్నవాడు ఇంకా లేవలేదు. లారీ ఖాళీగా వెళ్లిపోయింది.

ఇట్లు,
పై అంతస్తు నీ అత్తయ్య

తా.క.: ఇవాళ నీ తెర మీద ఇదివరకెప్పుడూ లేని పెద్ద కొండ కనిపిస్తే కంగారుపడకు. అది మీ నాన్న గురక. పైనుంచి వచ్చే ఈ చప్పుడుకి పనిచేసుకోలేకపోతున్నానని, ఎవరికి ఫిర్యాదు చేయాలని మీ కాబోయే మామయ్య ఇప్పుడే పైపులోంచి అడిగాడు. నీ ఆఫీసు చిరునామా చెప్పాను.