టీ కొట్టు దగ్గర వద్దు మేడమ్

మేనేజరు మేడమ్ గారికి నమస్కారాలతో,

అందరితో విడివిడిగా మాట్లాడుతున్నానంటూ, రేపు మధ్యాహ్నం నన్ను ఎదురు వీధి టీ కొట్టుకు రమ్మన్నారు. మీరు వచ్చి నెలే అయింది కాబట్టి ఒక సంగతి మీకు తెలియకపోవచ్చు. తెలిసే రమ్మన్నారేమో, అదీ చెప్పలేను.

మీకు ముందున్న మేనేజరు గారు మెచ్చుకోవాలంటే నలుగురికీ కనిపించేలా అద్దాల గదిలో మెచ్చుకునేవారు. తిట్టాలంటే తన గదిలో తలుపేసి తిట్టేవారు. ఉద్యోగం తీసేయాలంటే మాత్రం టీ కొట్టుకు తీసుకెళ్లేవారు. టీ తాగేలోగా వాచ్‌మన్ ఆ మనిషి బ్యాగు కిందికి తెచ్చి పెట్టేవాడు. మేమంతా బాబాయ్ అని పిలిచే స్టోర్స్ ఆయన అలాగే వెళ్లిపోయాడు, సగం గ్లాసు అక్కడే వదిలేసి.

పోయిన వారం మీరు రిసెప్షన్ అమ్మాయిని అక్కడికి పిలిస్తే, ఆ పిల్ల బ్యాగు తనే భుజాన వేసుకుని బయల్దేరింది. తిరిగొచ్చి, "ఏం లేదన్నా, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడిగారంతే" అంది. ఇంట్లోవాళ్ల సంగతి మీకెందుకా అని సాయంత్రం దాకా మా సెక్షన్‌లో గుసగుసలే.

మీ గదిలో అయితే నాకు అభ్యంతరం లేదు. తిట్టినా పడతాను. అద్దాల గది మీద నాకు అంత ఆశ లేదు.

అన్నట్టు, నా బల్ల మీద మొక్క ఏదని నిన్న అడిగారు. ఎండ తగలాలని ఇంటికి తీసుకెళ్లానన్నాను. ఎండ కోసం కాదు మేడమ్. ఉత్త టీయే అయితే ఒక్క ముక్క చెప్పండి, పొద్దున్నే తెచ్చి పెట్టుకుంటాను.

ఇట్లు,
ప్రస్తుతానికి మీ బిల్లింగ్ గుమాస్తా