బక్కయ్య చొక్కా గుండీ

పత్రికలో బొమ్మలు వేసే అన్నయ్యగారికి,

నమస్కారాలు. మీరూ, మీ పిల్లాపాపలూ చల్లగా ఉండాలని దేవుణ్ణి వేడుకుంటున్నాను.

ఫ్యాక్టరీ మూతపడ్డాక మావారు నోరు విప్పడమే మానేశారు. పొద్దున్నే పేపరు మూలన మీరు వేసే బక్కయ్య కనబడితే మాత్రం ఫక్కున నవ్వుతారు. మొన్న ఖాళీ సంచితో బజారంతా తిరిగొచ్చి, "ధరలు చూశా, కడుపు నిండిపోయింది" అన్నాడు చూడండీ, ఆ పూట మావారు రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు. ఆ బొమ్మలన్నీ కత్తిరించి వంటింటి తలుపు వెనక అంటిస్తున్నాను. ఈ రోజులు ఎలా గడిచాయని రేపు పిల్లలు అడిగితే ఆ తలుపు చూపిస్తే చాలు.

ఒక్క మనవి. బక్కయ్య చొక్కాకి మధ్య గుండీ లేదు. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. ఒకటి పెట్టండి.

మీ మేలు మరవని చెల్లెలు

తా.క. అది ఎప్పుడు ఊడిందో కూడా మా తలుపు చెబుతుంది. బియ్యం ధర పెరిగిన వారం.

*

చెల్లెమ్మకు దీవెనలు.

మీ మాట కాదనలేక సోమవారం గుండీ పెట్టాను. కొంప మునిగింది. మంత్రిగారు సభలో పేపరు ఎత్తి చూపించి, "బక్కయ్యకే గుండీ వచ్చిందంటే దేశానికి మంచిరోజులు వచ్చినట్టే!" అన్నారు. "ఎంతకు అమ్ముడుపోయావ్?" అని పాఠకులు తిట్టిపోస్తున్నారు. మా ఎడిటరుగారైతే, "శనివారంలోగా గుండీ తీస్తావా, నువ్వే పెట్టేబేడా సర్దుకుంటావా?" అంటున్నారు. మీరు అడిగితే పెట్టాను కదా, మీరు సరేనంటేనే తీస్తాను.

ఇట్లు,
ఉద్యోగం గుండీకి వేలాడుతున్న మీ అన్నయ్య

తా.క. ఆ గుండీ ఎక్కడ దొరుకుతుందని ఒక బట్టల కొట్టాయన అడిగారు.

*

అన్నయ్యగారికి,

నా వల్ల ఎంత పని జరిగింది! అయినా గుండీ తీయకండి. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా వేయండి. లేనింట్లోకి గుండీ ఊరికే రాదు. మావారు పని వెతుక్కోవడానికి వేసుకెళ్ళే చొక్కాకి గుండీ ఊడితే, నా స్వెట్టరుది కోసి కుట్టాను. నేను పిన్నీసు పెట్టుకున్నాను. ఆయనకు తెలియదు. బక్కయ్య వెనకాల వాళ్ళావిణ్ణి అలా నిలబెట్టండి.

మీ చెల్లెలు

తా.క. ఆవిణ్ణి ఏడుపుమొహంతో వేయకండి. పిన్నీసు గుచ్చుకోనంతవరకూ మేం బాగానే ఉంటాం.

*

చెల్లెమ్మకు,

శనివారం బొమ్మ చూసే ఉంటారు. కింద మాటలేమీ రాయలేదు. మంత్రిగారు ఈసారి పేపరు ఎత్తలేదు. ఎడిటరుగారు కళ్ళద్దాలు తుడుచుకుని, "ఆవిణ్ణి రోజూ రానివ్వు" అన్నారు. ఉద్యోగం నిలిచింది. ఇన్నాళ్ళూ కష్టాలను సగమే వేశానని మీ వల్ల తెలిసింది.

మీకు రుణపడ్డ అన్నయ్య

తా.క. మా ఆవిడ స్వెట్టరు చూశాను. రెండు పిన్నీసులున్నాయి.

*

అన్నయ్యగారికి,

శనివారం మావారు పేపరు చూసి నవ్వలేదు. బొమ్మ వంకా, నా వంకా, తన చొక్కా వంకా చూశారు. "ఏమే, తెల్లచొక్కాకి ఈ మట్టిరంగు గుండీ ఎక్కడిదని నేనొక్కనాడూ అడగలేదు కదూ?" అన్నారు. ఎన్నాళ్ళకు విన్నానో అంత పొడుగు మాట! వెంటనే గుండీ కోసి, స్వెట్టరు నా ఒంటి మీద ఉండగానే తన చేత్తో కుట్టారు. రెండు పక్కలూ కలిపి కుట్టేశారు. ఇప్పుడది విప్పడానికి రాదు. అలాగే వేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ బొమ్మను తలుపు మీద ఆయనే అంటించారు.

అంతా దేవుడి దయ, మీ చలవ.

మీ చెల్లెలు

తా.క. మావారి చొక్కాకి మళ్ళీ గుండీ లేదు. బక్కయ్యది కూడా తీసేయండి. మంత్రిగారు అడిగితే, మా ఇంట్లో మంచిరోజులు వచ్చాయని చెప్పండి.