అద్దం పక్కన మూత

రాస్ అల్ ఖైమా,
18 డిసెంబరు 2022

ప్రియమైన తమ్ముడు జిలానీకి, అక్క హుస్సేనమ్మ సలాం.

మేడమ్ ఫోన్ ఆదివారం పది నిమిషాలే ఇస్తుంది. ఆ కాస్తలో ఇంటికి మాట్లాడాలా, నీతో మాట్లాడాలా? అందుకే ఉత్తరం. కట్టెల బండి నడిపే మన ప్రొద్దుటూరు మీరా హుస్సేన్ దుబాయ్ అల్ వర్సాన్‌లో నీ లేబర్ క్యాంపుకే తెచ్చిస్తానన్నాడు.

ఈ కొత్త ఇంట్లో చేరి నెలైంది. కొండ కింద, నీలం గేటు. ఈ ఎడారి దేశంలో చలిమంట ఏమిటని నవ్వుతావు గానీ, ఇక్కడ చలి ఉంది. హాల్లో అలంకారానికి కట్టిన పొయ్యిలో గాజు తలుపున్న ఇనుప పెట్టె దూర్చారు. సాయంత్రమైతే చాలు, కట్టెలు తెమ్మంటుంది మేడమ్. దాని పొగగొట్టం మేడ మీద నేనూ, వంట చేసే నెల్లూరు పిల్ల ఫర్జానా పడుకునే గది గోడలోంచి పోతుంది. పొద్దున లేస్తే ఇద్దరికీ తల పగిలిపోతోంది, కడుపులో తిప్పుతోంది. గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఇది పెట్టినవాడెవడో గానీ వాడి చేతులు పడిపోను! నువ్వు గొట్టాల పనివాడివే కదా, ఏం చేయాలో రాయి.

నీ మేలు కోరే
అక్క


అల్ వర్సాన్,
21 డిసెంబరు

ప్రియమైన అక్కకు, జిలానీ సలాం.

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. ముందు ఇది విను. పొయ్యి వెలిగిన రోజు ఆ గదిలో పడుకోవద్దు. కంటికి కనపడని, వాసన తెలియని విషగాలి అది. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మేం బిగించేవి ఏసీ గొట్టాలు. చల్లగాలి పోయే పల్చటి రేకు, అతుకులకు టేపు, పైన రబ్బరు. కట్టెల పొగకు అవి పనికిరావు. పెట్టె నెత్తిమీది నుంచి కప్పు దాటేదాకా తెగకుండా స్టీలు గొట్టం రావాలి, అతుకులకు స్క్రూలుండాలి, కొస పిట్టగోడ కంటే ఎత్తుగా నిలవాలి. ఈ ముక్క మా ఫోర్‌మన్ లాంటి వాళ్ల బుర్రకెక్కుతుందా? "డక్ట్ అంటే డక్టే. యల్లా, ఖలాస్ కరో" అంటారు, ఏ గొట్టమైనా ఒకటే, తొందరగా ముగించమని. గొట్టం పైకి కనిపిస్తే అందం చెడుతుందని ఇంటివాళ్ల గోల. మధ్యలో నలిగేది మాలాంటి వాళ్లం.

మీ గదిలో గోడ అద్దానికి ఎడమపక్క, మోకాలెత్తులో చిన్న రేకు మూత ఉంటుంది. నాలుగు స్క్రూలు. పగలు, పొయ్యి చల్లారాక విప్పి చూడు. లోపల టేపు కనిపిస్తే మేడమ్‌కి చూపించు.

నీ తమ్ముడు
జిలానీ


రాస్ అల్ ఖైమా,
27 డిసెంబరు

ప్రియమైన జిలానీకి,

మూత విప్పాను. టేపు కరిగి వేలాడుతోంది. లోపలంతా తారులాంటి నల్లటి మడ్డి. మేడమ్‌ని పిలిస్తే పైకి రానే లేదు. "కంపెనీ వాలోంనే లగాయా. తుమ్ కో క్యా మాలూమ్?" అంది. కంపెనీ వాళ్లు పెట్టిందట, నాకేం తెలుసట.

నిన్న సాయంత్రం ఫర్జానా మా గదిలో బట్టలు మడతపెడుతూ, "అక్కా, కళ్లు తిరగతా ఉండాయి" అంటూనే కూలబడింది. బయటికి ఈడ్చుకొచ్చాక తెరిచింది కళ్లు. రక్తం తక్కువట, ఖర్జూరాలు తినమంది మేడమ్! ఒళ్లు మండిపోయింది నాకు. కింద ఎక్కడైనా పడుకుంటామంటే వీల్లేదంది. ముప్పై ఒకటిన చుట్టాలొస్తారట, మంట ఆపేదే లేదట.

పనిమనిషి మాట ఆమె వినదు. పెట్టినవాడే వచ్చి, "నేనే తప్పు పెట్టాను" అంటే వింటుంది. ఆ మనిషిని వెతుకు నాయనా. నీకు దొరుకుతాడు.

ఎదురుచూసే
అక్క


అల్ వర్సాన్,
29 డిసెంబరు

ప్రియమైన అక్కకు,

అడిగాను. ఎవరికీ తెలియదంటున్నారు. ఇక్కడికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు, పోతారు. దొరికినా వాడు వస్తాడా? ఒప్పుకున్న మరుక్షణం ఫోర్‌మన్ అంతా వాడి నెత్తిన రుద్ది ఊరికి విమానం ఎక్కిస్తాడు. వాడికీ పెళ్లాం పిల్లలుంటారు కదా.

విషగాలి వస్తే అరిచే డబ్బా ఒకటి పంపుతున్నాను. గోడ దగ్గర పెట్టు. కిటికీ మూయవద్దు. నా మీద కోప్పడకు.

జిలానీ


రాస్ అల్ ఖైమా,
30 డిసెంబరు

ఒరే జిలానీ,

డబ్బా అందింది. సాయంత్రం మంట వేశాక గోడ దగ్గర పెట్టాను. కాసేపటికే చెవులు చిల్లులు పడేలా అరిచింది. ఇక నాకు ఓపిక చచ్చిపోయింది. బకెట్ ఇసుక తెచ్చి మేడమ్ కళ్లెదుటే పొయ్యిలో కుమ్మరించాను. ఆమె ఇల్లెగిరిపోయేలా అరిచింది. రేపు చుట్టాల కోసం మళ్లీ వెలిగిస్తుందట. నేనూ ఫర్జానా దుప్పట్లు తెచ్చుకుని కింద ఇస్త్రీ గదిలో పడ్డాం. ఏం చేసుకుంటుందో చేసుకోనీ.

గదిలో అద్దం ఉందని నీకెవరు చెప్పార్రా? నేను రాయలేదే. పని ముగిసిన చోటల్లా పేరు రాసి వస్తానని గొప్పలు చెప్పేవాడివి. మూత విప్పిన రోజే దాని లోపలివైపు చూశాను. నీలం మార్కరుతో "జిలానీ, 14 ఆగస్టు, ఓకే" అని ఉంది. నీ వంకర జి నాకు తెలియదా? పలక మీద దిద్దించింది నేనే కదా.

ఆ మనిషిని వెతకమన్నది అందుకే. నోరు విప్పుతావనుకున్నాను. "వాడు, వాడు" అని రాశావు. ఏడుపొచ్చింది రా.

మూత ఈ సంచిలో ఉంది. మేడమ్ చూడలేదు. పారేస్తావో, ఏం చేస్తావో నీ ఇష్టం. చేతులు పడిపోను అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

అక్క


31 డిసెంబరు, పొద్దున

ప్రియమైన అక్కకు,

ఆ రోజు టేపు అంటిస్తున్నప్పుడే తెలుసు నాకు. ఫోర్‌మన్ కసిరాడు, నోరు మూసుకున్నాను. పైన ఎవరో పనివాళ్లు పడుకుంటారులే అనుకున్నాను. ఆ ఎవరో నువ్వవుతావనుకోలేదు. సిగ్గుగా ఉంది.

మీరా హుస్సేన్ ఈ చీటీ ఇచ్చేటప్పటికి నేను గేటు బయట బండిలో ఉంటాను. మేడమ్‌ని పిలువు. మూత నా చేతిలోనే ఉంది. నా పేరున్న వైపే ఆమెకు చూపిస్తాను.

ఓకే అని ఈసారి గొట్టం మార్చాకే రాస్తాను.

నీ తమ్ముడు
జిలానీ