బంపర్ మీద కొట్టిన కొబ్బరికాయ

శుక్రవారం రాత్రి, ఎల్లారెడ్డి

పాత డీజిల్ బండికి శుక్రవారం శుక్రవారం బంపర్ మీదే కొబ్బరికాయ కొట్టేవాణ్ణి. ఆ అలవాటే ఈ రోజు నా పరువు తీసింది. కామారెడ్డిలో కొన్న కొత్త బ్యాటరీ ట్రాలీ ఆటోకి బస్టాండు ముందు పూజ చేసి, అదే ఊపులో కొట్టాను. కాయ పగల్లేదు, బంపర్ రెండు ముక్కలైంది. ఇనుము అనుకున్నది వెండిరంగు పూసిన ప్లాస్టిక్!

చాయ్ హోటల్ సాయిలు అక్కడి నుంచే అరిచాడు. "అన్నా, గా బంపర్ ముక్క నాకియ్యి, ప్రసాదం లెక్క కండ్లకద్దుకుంట!" బస్సులో కూర్చున్నవాళ్లు కూడా కిటికీల్లోంచి వీడియోలు తీశారు.

మా అవ్వేమో "దిష్టి తగిలింది బిడ్డా" అంటుంది. దిష్టి తగలాలంటే ముందు ఎవరో ఒకరు మెచ్చుకోవాలి కదా!

ఇంటికొచ్చాక మా ఆవిడ అదే కాయను వాకిట్లో బండ మీద కొట్టింది. ఒక్క దెబ్బకే పగిలింది. "కాయ మంచిదే ఉన్నది" అంది, నా మొహం చూడకుండా.

రేపు తాడ్వాయి నుంచి టమాటలు తేవాలి, మొదటి కిరాయి. ఆ గాబరాలో చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం మరిచాను. పొద్దున పెట్టాలి. నలిగేది నిమ్మకాయేనా, టైరా అన్నదే ఇప్పుడు నా భయం.