హజరా బొమ్మలకు వచ్చిన నోటీసు

ఆదోని,
9 నవంబరు 1986.

ఫాతిమాకు దీవెనలు.

"అందరం క్షేమం" అని మొదలుపెట్టి "అందరం" కొట్టేశాను. నేను క్షేమం. జొన్నరొట్టె తట్టడం వచ్చిందా అని అడిగావు. వచ్చింది, అంచులు పగులుతాయి. పెరట్లో మీ అమ్మ పెట్టిన చిక్కుడు పందిరి ఎక్కింది. కాయలు పక్కింటి బసమ్మకు ఇస్తున్నాను.

ఎమ్మిగనూరులో మగ్గం నేసే మల్లమ్మ మీ అమ్మ గీసిన బొమ్మలు పన్నెండేళ్లు దాచి నీకు ఇచ్చిందన్న మాట రెండుసార్లు చదివాను. వాటిని మీ కాలేజీ గోడకు తగిలించవచ్చా, ఆ పాత నోటీసు అడ్డమా అని అడిగావు. దానికే ఈ ఉత్తరం.

నీకప్పుడు ఎనిమిదేళ్లు. మద్రాసు వారపత్రిక ఒకదానిలో పడవ నడిపే అమ్మాయి సీరియల్ వచ్చేది. వాళ్ల బొమ్మలో ఆ పిల్ల తెల్లగా, పూలజడతో ఉండేది. మీ అమ్మ హజరా వేస్తే నల్లగా, మన జిన్నింగ్ మిల్లు కూలి మనిషిలా, జుట్టుకు దూది అంటుకుని ఉండేది. "ఈ పిల్ల మా మిల్లు హులిగమ్మ లెక్కనే ఉండాదే!" అని వీధి ఆడవాళ్లు పడిపడి నవ్వేవారు. హజరా వాటికి సైక్లోస్టైల్ మిషను మీద కాపీలు తీయించి, పైన పత్రిక పేరు రాసి, పావలాకు ఇచ్చేది. ఎమ్మిగనూరులో నేతపనివాళ్లు మగ్గం గుంజలకు అంటించుకున్నారు.

నేను టీ అంగడికి పోతే అంగడి కాశప్ప, "బొమ్మలామె మొగుడొచ్చినాడు, బెంచీ ఇడ్సండప్పా!" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, ఇష్టం లేకుండా.

పత్రిక వకీలు నోటీసు ఇంగ్లీషులో వచ్చింది. ఇంట్లో అది చదవగలిగింది నేనొక్కడినే.

"ఏముండాది దాంట్లో?" అంది హజరా. చేతినిండా సిరా.

"ఇంక బొమ్మ గీస్తే జైలు" అన్నాను.

"నా సేతికి గూడా కోర్టు ఉంటాదా?" అని నవ్వింది. నేను నవ్వలేదు. కుంచెలు కడిగి, గుడ్డలో చుట్టి, అటక మీద పెట్టింది. మళ్లీ దించలేదు.

ఫాతిమా, నోటీసులో జైలు మాటే లేదు. కాపీలు తీసి అమ్మరాదు, పత్రిక పేరు వాడరాదు. అంతే. ఇంట్లో బొమ్మ వేయరాదని ఎక్కడా లేదు. నేను అర్థం కాక అలా చెప్పలేదు, బి.ఏ. చదివినవాణ్ణి. నలుగురిలో నా పేరు నాకు తిరిగి కావాలనిపించింది.

మొన్న జూలైలో, ఆసుపత్రిలో, మీ అమ్మ పోయే ముందురోజు, చెప్పేద్దామని పక్కన కూర్చున్నాను. ఆమె దుప్పటి మీద వేలితో ఏదో గీస్తోంది. నేను చూడగానే చేయి లోపలికి లాక్కుంది. చెప్పలేకపోయాను.

బొమ్మలు తగిలించు. వెల పెట్టకు. పత్రిక పేరున్న చోట కాగితం అంటించు. కింద హజరా బీ అని రాయి.

నోటీసు జతచేశాను. నీకు ఇంగ్లీషు వచ్చు. ఈసారి నా మాట నమ్మనక్కరలేదు. చదివాక కూడా నన్ను రమ్మనాలనిపిస్తే ఒక కార్డు రాయి.

ఇట్లు,
నీ జవాబు ఏదైనా తలవంచి చదువుకునే
నాయన.